ఆంగ్లంలో ఆర్టికల్, విశేషణం: తెలుగు వ్యాకరణ పాఠం చేయగల సాయం

ప్రాచ్య కళాశాల పత్రికలో ఆంగ్ల వ్యాకరణ ప్రస్తావన ఎందుకని కొందరు పెద్దలు ప్రశ్నింపవచ్చు. ఆంగ్లం బోధించడానికి ఆంగ్లోపాధ్యాయులున్నారు. మనది సంస్కృతాంధ్రాల పరిధి. ఈ మాట పైకి సమంజసంగానే తోస్తుంది. కాని నేటి పాఠశాలల స్థితిని గమనిస్తే ఆ సరిహద్దు నిలిచేది కాదని తెలుస్తుంది. 2018లో చేసిన చట్టం తెలంగాణలోని పాఠశాలలన్నింటిలో తెలుగును తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. 2022-23 విద్యాసంవత్సరం నుండి ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం వచ్చింది. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికి అందాయి. ఆ రెండు పుటల మధ్య వంతెన వేసేవారెవరన్నదే నేటి ప్రశ్న.

2016లో జిల్లాల విభజనకు పూర్వం నల్లగొండ, మహబూబ్‌నగర్ అని వ్యవహరించిన ఈ మెట్ట ప్రాంతంలో ఇంటిలో మొదటిసారిగా బడికి వచ్చిన పిల్లలు నేటికీ ఎందరో ఉన్నారు. వారికి ఇంటివద్ద ఆంగ్లం వినబడదు. బడిలో నేర్చిన సూత్రమే వారికి ఆధారం. ఆ సూత్రం కంఠస్థమై, అర్థం కాకుండా మిగిలిపోతే నష్టపోయేది వారే. ఈ పిల్లలకు ఆంగ్ల వ్యాకరణంలో మిక్కిలి కష్టమైన ఆర్టికల్, విశేషణ ప్రయోగాలను వారికి ఇదివరకే వచ్చిన తెలుగు వ్యాకరణం ద్వారా బోధించడం సులభమనీ, ఆ పనిలో తెలుగు పండితుల పాలు తప్పక ఉండాలనీ ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ముందుగా పరిభాష. ఆర్టికల్ అను మాటను కొందరు 'ఉపపదం' అని అనువదించారు. మన శాస్త్రంలో ఉపపదం వేరు. కుంభకార శబ్దాన్ని సాధించే ఉపపద సమాసం చదివిన విద్యార్థికి ఈ అనువాదం భ్రాంతిని కలిగిస్తుంది. కనుక ఆర్టికల్ అనే వ్యవహరించడం మేలు.

సంస్కృతంలో ఆర్టికల్ లేదు. తెలుగులో లేదు. నిజాం పాలనలో ఈ జిల్లాల చదువులకు మాధ్యమమైన ఉర్దూలోనూ లేదు. ఉర్దూలో కలసిపోయిన అరబ్బీ మాటల్లో మాత్రం ఉన్నది. 'నిజాముల్ముల్క్' అన్న బిరుదులోని 'ఉల్' అరబ్బీ ఆర్టికలే. 'నిజాముద్దీన్' అన్నప్పుడు అందులోని లకారం పరమైన దకారంతో సవర్ణమై ద్విత్వంగా వినబడుతుంది. అనగా తరతరాలుగా మనవారు ఒక ఆర్టికల్‌ను, దాని సంధితో సహా, అది ఆర్టికల్ అని తెలియకుండానే ఉచ్చరిస్తూ వచ్చారు.

ఆర్టికల్ లేదన్నంత మాత్రాన ఆ భావం మనకు లేదని తలచరాదు. ఆంగ్లంలో 'ఎన్' అన్నది 'వన్' అను సంఖ్యావాచకంతో ఏకమూలమైనది. హల్లు పరమైనప్పుడు నకారం లోపించి 'ఎ' మిగిలింది. 'ది' అన్నది ప్రాచీనాంగ్లంలోని నిర్దేశక సర్వనామం నుండి పుట్టి, 'దట్' అను మాటకు తోబుట్టువైంది. అనగా ఆంగ్లేయుల రెండు ఆర్టికల్స్ అరిగిపోయిన 'ఒక', అరిగిపోయిన 'ఆ' మాత్రమే. ఈ రెండు మాటలూ మనకున్నాయి. మనం అవసరమైన చోట వాడుకుంటాం. ఆంగ్లం వాటిని నియతం చేసింది. భేదమంతా ఇక్కడనే.

మన పల్లెల్లో అవ్వ కథ చెప్పే తీరును పరిశీలించండి. "ఒక ఊళ్లె ఒక ముసలమ్మ ఉండె. ఆ ముసలమ్మకు ఒక మేక ఉండె. ఆ మేక చేన్ల పడ్డది." మొదటి ప్రస్తావనకు 'ఒక', మరల ప్రస్తావించినప్పుడు 'ఆ'. ఆంగ్ల పాఠ్యపుస్తకాల్లో 'ఎ', 'ది' భేదానికి చెప్పే మొదటి సూత్రం ఇదే. దీనిని ఐదేండ్ల బాలిక తన అవ్వ ఒడిలోనే నేర్చింది. ఉపాధ్యాయుడు ఆ కథనే నల్లబల్లమీద వ్రాసి, 'ఒక' ఉన్నచోట 'ఎ', 'ఆ' ఉన్నచోట 'ది' పెట్టి చూపితే సూత్రం తనంత తానే బోధపడుతుంది.

అయితే 'ది' అనగా 'ఆ' అని శిష్యుడు స్థిరపరచుకుంటే అతివ్యాప్తి దోషం కలుగుతుంది. సూర్యుడు ఉదయించాడని చెప్పవలసిన చోట మనం 'ఆ సూర్యుడు' అనం. ఆంగ్లం మాత్రం 'ది సన్' అంటుంది. తెలిసిన వస్తువును తెలుగు తరచుగా ఏ గుర్తూ లేకుండా విడుస్తుంది, లేదా ఇతర మార్గాల్లో తెలుపుతుంది. వాటిలో ఒకటి పదక్రమం. 'బల్లమీద పుస్తకమున్నది' అంటే ఏదో ఒక పుస్తకం. ఆంగ్లంలో 'ఎ బుక్'. 'పుస్తకం బల్లమీద ఉన్నది' అంటే మనం వెదుకుతున్న పుస్తకం, 'ది బుక్'. రెండవది విభక్తి. జడవాచకాలకు ద్వితీయకు మారుగా ప్రథమ బహుళంగా వస్తుందని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో విధించాడు. 'పుస్తకం చదివినాను', 'పుస్తకాన్ని చదివినాను' అను రెండు వాక్యాలూ సాధువులే. కాని నేటి వ్యవహారంలో రెండవ వాక్యం వినగానే ఇదివరకే తెలిసిన పుస్తకం స్ఫురించడం కద్దు. ఈ సూక్ష్మం తెలుగు తరగతిలో చర్చకు వస్తే ఆంగ్ల తరగతిలో సగం శ్రమ తగ్గుతుంది.

'ది'కి ప్రాణం వక్తకు, శ్రోతకు ఉమ్మడిగా ఉన్న ఎరుక. మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి అంటే ఊడలు దిగి విస్తరించిన మహావటవృక్షం మనస్సుకు వస్తుంది. సూర్యాపేట ప్రాంతంలో అదే మాటకు కాకతీయుల కాలపు శివాలయాలున్న గ్రామం అర్థం. ఎవరు, ఎక్కడ, ఎవరితో పలికినారన్నదే అర్థాన్ని నిర్ణయిస్తున్నది. ఆంగ్లంలో ఆ వృక్షాన్ని 'ది బాన్యన్' అనవచ్చు. గ్రామనామానికి మాత్రం ఆర్టికల్ చేరదు. నదులకు చేరుతుంది: 'ది కృష్ణా', 'ది మూసీ'. పట్టణాలకు చేరదు: గద్వాల, వనపర్తి, భువనగిరి. ఇట్టివి మన నేలమీది పేర్లతోనే చెప్పవచ్చు. థేమ్స్ నదిదాకా పోవలసిన అగత్యం లేదు.

ఇక 'ఎ', 'ఎన్' భేదం. ఎ, ఇ, ఐ, ఓ, యు అను ఐదు అక్షరాలు పరమైతే 'ఎన్' రావాలని పిల్లలు వల్లిస్తారు. ఈ సూత్రం 'ఎన్ అవర్', 'ఎ యూనివర్సిటీ' అనుచోట్ల వెంటనే భంగపడుతుంది. ఇది లిపికి సంబంధించిన సూత్రం కాదు, ధ్వనికి సంబంధించినది. ఆ పదాలను తెలుగు లిపిలో వ్రాసి చూడండి: 'అవర్' అచ్చుతో, 'యూనివర్సిటీ' హల్లుతో మొదలవుతున్నాయి. మన లిపి ఉచ్చారణను అనుసరిస్తుంది కనుక సందేహం అక్షరాల్లోనే తీరిపోతుంది. సంస్కృత విద్యార్థికి ఇది మరింత సుగమం. నఞ్ సమాసంలో అధర్మం, అశాంతి. కాని అనంతం, అనుచితం, అనేకం. హల్లు పరమైతే 'అ', అచ్చు పరమైతే 'అన్'. పాణినీయంలో నకారలోపం చేసి అచ్చు పరమైనప్పుడు నుడాగమం విధిస్తారు. ఆంగ్లంలో ఉన్న నకారం హల్లుకు ముందు పోయింది. ప్రక్రియ వేరైనా ఫలితం ఒక్కటే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తెలుగువారి నాలుక పదాది ఎకారానికి ముందు యకారాన్ని చేర్చి 'యెలుక', 'యేనుగు' అని పలుకుతుంది. ఆ అలవాటుతో 'యెగ్' అని పలికే బాలుడు 'ఎ ఎగ్' అని వ్రాస్తే అతడు సూత్రం తప్పలేదు, తన ఉచ్చారణకు సూత్రాన్ని సరిగానే అన్వయించుకున్నాడు. దిద్దవలసింది ఉచ్చారణను. దోషానికి మూలం తెలియక ఎర్రసిరాతో కొట్టివేస్తే మరునాడు అదే దోషం మరల కనిపిస్తుంది.

ఆర్టికల్‌కూ విశేషణానికీ గల సంబంధం కూడ సంధి దృష్టితోనే తెలుస్తుంది. 'ఎ మ్యాన్' సరియైనదే. నడుమ విశేషణం చేరితే 'ఎన్ ఓల్డ్ మ్యాన్'. ఆర్టికల్ అర్థరీత్యా విశేష్యానికి చెందినా, రూపరీత్యా తన పక్కనున్న వర్ణాన్నే చూస్తుంది. ఇది పూర్వపర వర్ణాల సాన్నిధ్యం తప్ప వేరు కాదు.

విశేషణ విషయంలో తెలుగు ఆంగ్లాలు మిక్కిలి సన్నిహితం. సంస్కృతంలో విశేషణం విశేష్యం లింగ వచన విభక్తులను అనుసరిస్తుంది: సుందరో బాలః, సుందరీ బాలా, సుందరం ఫలమ్. తెలుగులో మంచి బాలుడు, మంచి బాలిక, మంచి పండ్లు, విశేషణం మారదు. ఆంగ్లంలోనూ మారదు. క్రమం కూడ దాదాపు సమానం: 'ఒక పెద్ద పాత రాతి బావి' అన్న మాటలను ఉన్న వరుసలోనే ఆంగ్లీకరింపవచ్చు.

చిక్కు వచ్చేది విశేషణం విధేయమైనప్పుడు. 'అతడు బీదవాడు' అన్న వాక్యాన్ని మన పిల్లలు 'హీ ఈజ్ ఎ పూర్' అని అనువదిస్తారు. దీనిని అజ్ఞానమనడం తగదు. 'బీదవాడు' తెలుగులో నామవాచకం. మంచివాడు, మంచిది, మంచివారు అన్నట్లు లింగవచనాలను పొందుతుంది. నామవాచకానికి 'ఎ' చేర్చాలని నేర్చిన బాలుడు చేర్చాడు. ఆంగ్లంలో 'పూర్' కేవల విశేషణం. 'వాడు' అన్న అంశానికి 'మ్యాన్' చేరినప్పుడే 'ఎ'కు తావు. ఈ ఒక్క వివరణతో కొన్ని వందల దోషాలు తొలగుతాయి. దీనిని ఇవ్వగలవాడు 'బీదవాడు' శబ్దస్వరూపం తెలిసిన ఉపాధ్యాయుడే.

తారతమ్యంలో 'మోర్ టాలర్', 'మోస్ట్ బెస్ట్' అను దోషాలు వస్తాయి. తెలుగులో 'కంటె' చేర్చితే చాలు, విశేషణానికి ప్రత్యయం అక్కరలేదు. ఇక్కడ సంస్కృతం ఆదుకుంటుంది. లఘుతరం, లఘుతమం చదివినవానికి ప్రత్యయంతో తారతమ్యం చెప్పడం కొత్త కాదు. శ్రేష్ఠ, కనిష్ఠ శబ్దాల్లోని 'ఇష్ఠ' ప్రత్యయమూ, ఆంగ్లంలోని 'ఎస్ట్' ప్రత్యయమూ ఏకమూలాలని భాషాశాస్త్రం నిరూపించింది. 'స్వాదిష్ఠ', 'స్వీటెస్ట్' పదాలను పక్కపక్కన ఉంచితే విద్యార్థి కన్నులు విప్పారుతాయి.

లెక్కకు వచ్చే నామాలు, రానివి అన్న విభాగం కూడ ఇట్టిదే. 'ఎన్ అడ్వైస్', 'ఫర్నిచర్స్' అని వ్రాసే పిల్లలకు వ్యాకరణ సంఖ్య వేరు, లోకసంఖ్య వేరు అని చెప్పాలి. నీళ్ళు, పాలు, వడ్లు, జొన్నలు మనకు నిత్యబహువచనాలు. ఆంగ్లంలో నీరు, పాలు, వరి ఏకవచనాలు. జొన్నచేల నడుమ పెరిగిన పాలమూరు బిడ్డకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకదు.

నల్లగొండ పేరే ఒక పాఠం. 'నల్ల' విశేషణం, 'కొండ' విశేష్యం. కర్మధారయమై కకారం గకారమైంది. ఈ పట్టణనామానికి ఆంగ్లంలో ఆర్టికల్ లేదు. కాని 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థవారు పటిక, సున్నాలతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించినప్పుడు దానికి 'ది నల్లగొండ టెక్నిక్' అన్న పేరు వచ్చింది. ఇక్కడ నల్లగొండ విశేషణం. ఆర్టికల్ 'టెక్నిక్' శబ్దానిది. ఫ్లోరైడు నీళ్ళతో ఎముకలు వంగిన పల్లెల పేరు ప్రపంచ శాస్త్రగ్రంథాల్లో విశేషణంగా నిలిచింది. ఆ గ్రంథాలను చదివి అర్థం చేసుకొనే అధికారం ఆ పల్లెల పిల్లలకు ఉండవద్దా? ఆంగ్లంలో 'లిటిల్ వాటర్' అంటే నీరు లేనట్లే. 'ఎ లిటిల్ వాటర్' అంటే కొంత ఉన్నట్లు. అర్జీలోనైనా నివేదికలోనైనా ఒక్క 'ఎ' లోపిస్తే ఊరి స్థితే మారిపోతుంది.

ఆంగ్లాన్ని ఆంగ్లంలోనే బోధించాలి, మాతృభాష జోక్యం హానికరం అనే పక్షం ఉన్నది. ఇంటా బయటా ఆంగ్లం వినే పిల్లల విషయంలో అందులో కొంత నిజం ఉండవచ్చు. మన పిల్లల విషయంలో తెలుగు జోక్యం ఉపాధ్యాయుని అనుమతి కొరకు ఆగదు. అది వారి వాక్యంలో ముందే ఉన్నది. దానిని గుర్తించి దారిలో పెట్టడమా, చూడనట్లు నటించడమా అన్నదే మన ముందున్న వికల్పం. ఈ పద్ధతి సర్వరోగ నివారిణి కాదు. 'గో టు స్కూల్', 'గో టు ది స్కూల్' వంటి భేదాలు విస్తృత పఠనం వల్లనే పట్టుబడుతాయి. పునాది మాత్రం తెలిసిన భాషలో పడాలి.

బహుభాషా పాండిత్యం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఆంగ్లం నేర్చి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించి తెలుగుకు సేవ చేశాడు. ఒక భాష మరొక భాషకు శత్రువన్న భావం ఆ తరంవారికి లేదు.

కనుక మూడు సూచనలు. పండిత శిక్షణలో తెలుగు ఆంగ్ల వ్యాకరణాల తులన ఒక పాఠ్యాంశం కావాలి. ఉన్నత పాఠశాలల్లో వారానికి ఒక గంటయైనా తెలుగు, ఆంగ్లోపాధ్యాయులు కలసి ద్విభాషా పుస్తకంలోని రెండు పుటలనూ ఎదురెదురుగా బోధించాలి. ప్రాచ్య కళాశాలల పరిశోధక విద్యార్థులు ఈ రెండు పూర్వ జిల్లాల పాఠశాలల నుండి పిల్లల వ్రాతప్రతులను సేకరించి, దోషాలను మూలకారణాలను బట్టి వర్గీకరించాలి. ప్రబంధాల్లోని అలంకారాలమీద వ్యాసాలు మనకు కొరత లేదు. ఏడవ తరగతి బాలిక నోటుపుస్తకంలోని 'ఎ పూర్' మీద ఒక్క వ్యాసమైనా రావాలి. అట్టి పని వ్యాకరణ శాస్త్రానికి తక్కువదని తలచేవారు శబ్దసాధుత్వ జ్ఞానమే ఆ శాస్త్రప్రయోజనమని మరొకమారు స్మరింతురు గాక.