సిగ్గు పేరిట మౌనం వద్దు

విజయవాడ-జగదల్‌పూర్ రహదారి కొత్తగూడెం, పాల్వంచ దాటి, భద్రాచలం దగ్గర గోదావరి వంతెన ఎక్కి, చింతూరు మీదుగా అడవిలోకి సాగిపోతుంది. ఈ దారిన రేయింబవళ్లు లారీలు తిరుగుతాయి. మీసాలైనా రాకముందే క్లీనర్లుగా వాటిలో ఎక్కే పిల్లల్లో మన పిల్లలూ ఉన్నారు. బయలుదేరేటప్పుడు తల్లి దుఆ చేస్తుంది. తండ్రి 'జాగ్రత్త' అంటాడు. దేని విషయంలో జాగ్రత్తో ఇద్దరూ చెప్పరు.

మన దేశంలో హెచ్.ఐ.వి. తొలిసారి 1986లో మద్రాసులో బయటపడింది. 2021 జాతీయ అంచనాల ప్రకారం పెద్దల్లో దేశ సగటు 0.21 శాతం కాగా, తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. అంటే భద్రాచలం అడవి సరిహద్దుకు అటూ ఇటూ రెట్టింపుకు పైనే. 'మన ఇళ్లకు ఇది రాదు' అనే ధీమా ఎలా చెల్లుతుంది? గడప దాటని ఇల్లాలికి సైతం భర్త ద్వారా ఇది సోకవచ్చు.

వ్యభిచారం దరిదాపులకు పోరాదన్నది ధర్మాదేశం. అదే మొదటి రక్షణ. కానీ ఎందుకో చెప్పకుండా వద్దంటే యువకుడి చెవికెక్కదు. ధర్మవిషయాలు అడిగి తెలుసుకోవడానికి సిగ్గు అడ్డురాలేదని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (ర) మెచ్చుకున్నారు. ఈడొచ్చిన పిల్లలకు గుసుల్ నియమాలు నేర్పే మనం, ప్రాణం తీసే జబ్బు గురించి నోరు విప్పలేమా?

చెప్పవలసింది కొంతే. లైంగిక సంబంధం, కలుషిత రక్తం, ఒకరికి వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకు - ఇవీ సోకే మార్గాలు. కండోమ్ సోకకుండా కాపాడుతుంది. భార్యాభర్తల్లో ఒకరికి జబ్బు ఉన్నప్పుడు ఇది తప్పక తెలియాలి. ఒకే పళ్లెంలో తిన్నా, ఒకే హౌజులో వుజూ చేసినా, ముసాఫహా చేసినా సోకదు. కనుక రోగిని వెలివేయడం అజ్ఞానమే కాదు, అన్యాయం కూడా.

ప్రభుత్వాసుపత్రుల్లోని ఐ.సి.టి.సి. కేంద్రాల్లో పరీక్ష ఉచితం. వివరాలు గోప్యంగా ఉంచుతారు. సోకిన కొత్తలో పరీక్షలో తేలకపోవచ్చు. అనుమానముంటే మూడు నెలల తర్వాత మళ్లీ చేయించాలి. 2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. క్రమం తప్పక వాడేవారు చాలాకాలం ఆరోగ్యంగా జీవిస్తున్నారు. గర్భిణికి సకాలంలో మందులు అందితే బిడ్డను కాపాడుకోవచ్చు. సలహాకు 1097 నంబరుకు ఫోను చేయవచ్చు.

నికాహ్‌కు ముందు జహేజ్ లెక్కలు గంటలకొద్దీ మాట్లాడే పెద్దలు, వధూవరులిద్దరూ ఇష్టపూర్వకంగా పరీక్ష చేయించుకునే మాట ఒక్క నిమిషం ఎత్తలేరా? ఇది అనుమానం కాదు, ఇరుపక్షాలకూ మేలు. బలవంతపు పరీక్షను 2017 నాటి చట్టం ఒప్పదు.

ఖతీబులు ఒక్క జుమా ప్రసంగం దీనికి కేటాయించాలి. తండ్రి కొడుకుతో, తల్లి కూతురితో ఒక్క సాయంత్రం కూర్చోవాలి. లారీ కదలకముందే ఆ మాట జరగాలి.