కొత్త బ్యాటరీ, పాత జీపు



ట్రాక్టరు బ్యాటరీ ఏడాది తిరగకుండానే పోతోందని ఒక కుటుంబము, పాత కారుకు రెండేళ్లలో మూడు బ్యాటరీలు మార్చామని మరొక కుటుంబము మాకు వ్రాశారు. కంపెనీ బ్యాటరీలు మునుపటిలా లేవని ఇద్దరి ఫిర్యాదు. మేము ఎలక్ట్రీషియన్లము కాము. అయితే ఈ బ్యాటరీ వలన మా చేత జరిగిన ఒక తప్పు ఉన్నది. దానిని దాచకుండా చెబితే వారికి జవాబు కూడా అందులోనే దొరుకుతుందని ఈ నెల దీనిని వ్రాస్తున్నాము.

మా పాస్టరేటుకు ఒక పాత డీజిలు జీపు ఉన్నది. ఏడు గ్రామాల ఆరాధనలకు, సమాధి కార్యక్రమాలకు, అర్ధరాత్రి కాన్పు నొప్పులు వచ్చిన తల్లులను ఆసుపత్రికి చేర్చడానికి అదే ఆధారము. 2016లో సంఘ జూబిలీ వచ్చినప్పుడు దాని ఇంజను విప్పించి బాగుచేయించి, లోపలా వెలుపలా రంగు వేయించాము. బండి పెండ్లికూతురివలె తయారయింది. 2017 జనవరిలో పాత బ్యాటరీ పోతే, స్త్రీల సమాజము వారు తమ పిడికెడు బియ్యం సొమ్ములో నుండి ఆరువేల పైచిలుకు ఇచ్చి కొత్తది కొనిపెట్టారు. పిడికెడు బియ్యం అంటే మీలో చాలామందికి తెలుసు. ఎసరు పెట్టే ముందు ప్రతి పూటా ఒక పిడికెడు తీసి ప్రభువు నిమిత్తము వేరే కుండలో వేయడము. కూలికి పోయే అమ్మలు ఆ విధంగా కూడబెట్టిన డబ్బు అది.

ఆ బ్యాటరీ సెప్టెంబరు నాటికి చచ్చిపోయింది. పాతదాని క్రింద దుకాణంలో ఇచ్చేసి, డిసెంబరు 2న రెండవది కొన్నాము. మధ్య రెండు నెలలు జీపును తోసుకుంటూనే గడిపాము.

ఇక్కడ డీజిలు బండి సంగతి ఒకటి చెప్పాలి. పెట్రోలు బండిలో స్పార్కు కోసం ఎప్పుడూ కరెంటు కావాలి. చార్జింగు లేకపోతే కొంత దూరం పోయాక బండి ఆగిపోయి తన జబ్బు తానే చెబుతుంది. మా పాత డీజిలు జీపుకు సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రమే బ్యాటరీ అవసరము. ఒకసారి ఇంజను అందుకున్నాక బ్యాటరీ లేకపోయినా తిరుగుతూనే ఉంటుంది. అందుచేత చార్జింగులో లోపము నెలల తరబడి బయటపడదు. పగలు అంతా బాగున్నట్టే ఉంటుంది. రాత్రిళ్లు లైట్లు కాస్త మసకబారితే బల్బు పాతదనుకొని ఊరుకుంటాము. మేము అలాగే ఊరుకున్నాము.

డిసెంబరు 18 రాత్రి కేరల్స్‌కు వెళ్లి చివరి పాలెంలో పాటలు ముగించి బయలుదేరబోతే సెల్ఫ్ టిక్కుమని ఊరుకున్నది. పొలం గట్టు ప్రక్కన బురదలో ఉండడం చేత తోయడానికి కూడా వీలులేకపోయింది. చలిలో పిల్లలు, ఇద్దరు ముసలి తల్లులు రెండు గంటలు కూర్చొని, చివరకు ఒక రైతు ట్రాక్టరు తొట్టిలో ఇండ్లకు చేరారు. కొత్త బ్యాటరీకి పట్టుమని పదహారు రోజులు.

మరునాడు ఉదయం సంఘ పెద్దలలో ఒకరు మా చెవిలో ఒక మాట వేశారు. “కొత్త బ్యాటరీ ఎక్కడైనా పదహారు రోజులకు పోతుందా అయ్యగారూ? డ్రైవర్లు కొత్తది అమ్ముకొని పాతది బిగిస్తారు. ఇది లోకంలో ఉన్నదే.” ఆ మాట మాలో నాటుకున్నది. ఆ సాయంత్రమే కమిటీ ఎదుట మా డ్రైవరు తమ్ముణ్ణి నిలబెట్టి, “కొత్త బ్యాటరీ ఏమయింది?” అని అడిగాము. తొమ్మిది సంవత్సరాలు మాతో ఎండకూ వానకూ తిరిగినవాడు. ఒక్క మాట మాట్లాడలేదు. తాళం చెవులు బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. మౌనము అంగీకారమని ఒకరన్నారు. మేము కాదనలేదు. ఇంతకూ ఆ ఆదివారమే మేము సామెతల గ్రంథము 18వ అధ్యాయము తీసుకొని, పూర్తిగా వినకుండా మాట్లాడేవారిని గూర్చి నలభై నిమిషాలు ప్రసంగించి ఉన్నాము.

మూడవ దినమున పక్క టౌనులోని ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు జీపును లాగించుకుపోయాము. డెబ్బయి ఏండ్లు దాటిన సాయిబు గారు. చేతిలో ఒక చిన్న మల్టీమీటరు, హైడ్రోమీటరు. మరో బ్యాటరీ కొనాలా అని అడిగితే ఆయన నవ్వి, “రోగం చూడకముందే మందు కొంటారా అయ్యగారూ?” అన్నారు. తరువాత అడిగిన ప్రశ్న మమ్మును నేలకు కుంగదీసింది. “వారంటీ కార్డు ఉందా?”

ఉన్నది, మా మేజా సొరుగులోనే. కుర్రవాణ్ణి పంపి తెప్పించాము. కార్డుమీద వ్రాసిన నంబరు, బ్యాటరీ మీద అచ్చుగుద్దిన నంబరు ఆయన పైకి చదివారు. అంకె అంకె సరిపోయింది. మేము కొన్న బ్యాటరీయే జీపులో ఉన్నది. అయిదు నిమిషాల పని. కమిటీ పెట్టక ముందు అది చేయాలని మాకు తోచలేదు.

ఆ తరువాత ఆయన చేసిన పరీక్ష క్రమముగా చెబుతాము. ఏ బండికైనా ఇదే వరుస.

మొదట బ్యాటరీని విప్పి రాత్రంతా చార్జింగుకు పెట్టారు. దిగిపోయిన బ్యాటరీని చూసి మంచిదో చెడ్డదో చెప్పలేమన్నారు. ఉదయం చార్జరు తీసి కొన్ని గంటలు ఊరకే ఉంచారు. చార్జరు తీసిన వెంటనే కొలిస్తే వోల్టులు ఉన్నవాటికంటె ఎక్కువ చూపుతాయట. మన బండ్ల బ్యాటరీలో ఆరు గదులు ఉంటాయి. ఒక్కొక్కటి రెండు వోల్టులకు కొద్దిగా పైన. అన్నీ కలిపి నిండు బ్యాటరీ 12.6 వరకు చూపాలి. 12.2 దగ్గర ఉంటే సగమే ఉన్నట్టు. 12 కంటె దిగితే దాదాపు ఖాళీ. మా బ్యాటరీ 12.6 చూపింది. తరువాత మూతలు విప్పి ఆరు గదులలోని ఆసిడ్ గ్రావిటీ చూశారు. నిండుగా ఉంటే 1.240 నుండి 1.280 వరకు ఉంటుంది. మెకానిక్కులు చుక్క తీసేసి 1250 అంటారు. 1.150కి దిగితే ఖాళీ. అన్నిటికంటె ముఖ్యము ఆరు గదులూ ఇంచుమించు సమానంగా ఉండడము. ఒక్క గది మిగిలినవాటికంటె బాగా తక్కువ చూపితే ఆ బ్యాటరీ మీద ఇక ఖర్చు పెట్టవద్దు. మావి ఆరూ సమానమే. జీపుకు బిగించి సెల్ఫ్ కొట్టేటప్పుడు కొలిస్తే 10.6 దగ్గర నిలిచింది. అప్పుడు 9.6 కంటె దిగకూడదు. బ్యాటరీ నిర్దోషి అని తేలింది.

ఇక చార్జింగు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్స్ మీద 13.8 నుండి 14.4 వోల్టుల మధ్య రావాలి. మా జీపులో 13.1 వచ్చింది. పెద్ద లైట్లు వేస్తే 12.4కు పడిపోయింది. అంటే రాత్రి ప్రయాణంలో ఇంజను తిరుగుతున్నా బ్యాటరీలోకి ఏమీ పోవడంలేదు, ఉన్నదే బయటికి వస్తున్నది. డిసెంబరు నెలంతా మేము రాత్రులే తిరిగాము. ప్రతి ఊరి దగ్గర ఆపడము, మళ్లీ సెల్ఫ్ కొట్టడము.

“అయితే ఆల్టర్నేటరు పోయిందా?” అన్నాము. ఇక్కడే చాలామంది తొందరపడి కొత్త ఆల్టర్నేటరు కొంటారు. సాయిబు గారు బొటనవ్రేలితో ఫ్యాన్ బెల్టు మధ్యలో నొక్కి చూశారు. అర అంగుళము వరకు లోనికి పోవచ్చు. బెల్టు బాగానే ఉన్నది. తరువాత మీటరు తీగలు నేరుగా ఆల్టర్నేటరు మీదనే పెట్టారు. 14.2 చూపింది! పుట్టినచోట 14.2, చేరినచోట 13.1. మధ్య 1.1 వోల్టు ఎక్కడ పోయింది?

ఆయన మీటరు ఒక కొన ఆల్టర్నేటరు ప్లస్ మీద, మరొక కొన బ్యాటరీ ప్లస్ మీద పెట్టారు. 0.3. ఆ దారిలో వదులైన ఒక లగ్గు దొరికింది. తరువాత ఒక కొన ఆల్టర్నేటరు బాడీమీద, మరొక కొన బ్యాటరీ మైనస్ మీద. 0.8. “దొంగ ఇక్కడున్నాడు అయ్యగారూ,” అన్నారాయన. ఆ మాటకు ఆయనకు తెలియకుండానే మేము తల వంచుకున్నాము.

కరెంటు పోవడానికి ఒక దారి, తిరిగి రావడానికి ఒక దారి ఉండాలి. మా జీపు ఆల్టర్నేటరుకు తిరుగు దారి వైరు కాదు. అది బిగించిన ఇనుప బ్రాకెట్టు, బోల్టుల ద్వారా ఇంజనుకు, అక్కడనుండి బ్యాటరీ మైనస్‌కు. బోల్టులు విప్పి చూస్తే బ్రాకెట్టుకు, ఇంజనుకు మధ్య దళసరిగా రంగు ఉన్నది. జూబిలీకి మేము వేయించిన రంగే! ఇనుముకు ఇనుము తగలకుండా రంగు అడ్డుపడింది. బోల్టు మరల ద్వారా ఏదో కొంత తగులుతూ ఉండినది, అందువలననే పూర్తిగా ఆగక సగం సగం చార్జింగు. పైన సున్నము కొట్టిన సమాధులను గూర్చి ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు గాని, రంగు ఎక్కడ వేయకూడదో మాకు అప్పుడే తెలిసింది.

మొదటి బ్యాటరీ చావుకు కారణము కూడా అదే. బ్యాటరీ ఎప్పుడూ సగము నిండి సగము ఎండి ఉంటే లోపలి సీసపు పలకలమీద తెల్లని గట్టి పొర కడుతుంది. అది ముదిరితే ఎంత చార్జింగు పెట్టినా ఎక్కదు. మన వేసవి వేడికి ఇంకా త్వరగా ముదురుతుంది.

సాయిబు గారు రంగును ఎమెరీ కాగితంతో గీకి, లగ్గు బిగించి, ఆల్టర్నేటరు బాడీ నుండి ఇంజనుకు అదనంగా ఒక లావు ఎర్తు వైరు వేశారు. బ్యాటరీ దగ్గర 14.1 వచ్చింది. లైట్లు వేసినా 13.9. ఆయన తీసుకున్నది నూట యాభై రూపాయలు.

అక్కడనుండి ఇంటికి పోలేదు. స్త్రీల సమాజపు అమ్మలను పిలిచి, వారి మొదటి బ్యాటరీ మా అజాగ్రత్తవల్ల పాడైనదని చెప్పాము. వారిలో పెద్దావిడ, “బియ్యం మళ్ళీ పోస్తాములే అయ్యగారూ. ముందు ఆ పిల్లవాణ్ణి పిలుచుకురండి,” అన్నది. వారంటీ కార్డు జేబులో పెట్టుకొని డ్రైవరు తమ్ముని ఇంటికి వెళ్లాము. అతని భార్య కుర్చీ వేసింది గాని మాట్లాడలేదు. మేము నంబరు సంగతి, రంగు సంగతి చెప్పి క్షమించమని అడిగాము. అతడు చాలాసేపు నేల చూసి, “మీరు అడిగినందుకు కాదు అయ్యగారూ. నలుగురిలో అడిగారు,” అన్నాడు. నలుగురిలో చేసినదానిని నలుగురిలోనే సరిచేయాలి గనుక క్రిస్మస్ ఆరాధనలో, పెద్దల ఎదుట, సంఘమంతటి ఎదుట మా తప్పు ఒప్పుకున్నాము. అతడు ఆ రోజు రాలేదు. డిసెంబరు 31 రాత్రి కూటానికి మాత్రం వచ్చి తాళం చెవులు అడిగాడు.

ఉత్తరాలు వ్రాసినవారికి మరి కొన్ని మాటలు. మీ ట్రాక్టరు రెండు మూడు రోజులు ఊరకే నిలబడితేనే బ్యాటరీ దిగుతుంటే అది చార్జింగు లోపము కాకపోవచ్చు, ఎక్కడో కరెంటు కారిపోతూ ఉండవచ్చు. తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, ఆ వైరుకు టెర్మినల్‌కు మధ్య మీటరును ఆంపియర్లలో పెట్టి చూడాలి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఫ్యూజులు ఒకటొకటిగా తీసి చూడండి. ఏ ఫ్యూజు తీస్తే తగ్గుతుందో దొంగ ఆ దారిలో ఉన్నాడు. మీటరు అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకండి, మీటరు కాలిపోతుంది.

డ్యాషుబోర్డు మీద చార్జింగు లైటు ఆరిపోయింది గనుక అంతా బాగుందని నమ్మకండి. మా జీపులో అది రోజూ ఆరిపోయేది. తాళం తిప్పగానే అసలు వెలగకపోతే అదీ ఒక లోపమే.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూసే అలవాటు పాత డైనమోల కాలపుది. ఆల్టర్నేటరు బండిలో అలా చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి డయోడ్లు కాలిపోతాయి. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయండి. బోరు నీళ్లు వద్దు, ఆసిడ్ అసలే వద్దు. వైరు విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. చార్జింగు అయ్యే బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు వస్తుంది. రాత్రిపూట అగ్గిపుల్ల గీసి నీళ్లు చూడబోయి ముఖము కాల్చుకున్నవారిని మేము ఆసుపత్రిలో పరామర్శించాము. టార్చిలైటు వాడండి, బీడీ దూరంగా పెట్టండి. ఆసిడ్ కంట పడితే వెంటనే నీళ్లతో పదిహేను నిమిషాలైనా కడిగి ఆసుపత్రికి పోవాలి.

ఆ రెండవ బ్యాటరీ 2022 వేసవి వరకు పనిచేసింది. మల్టీమీటరు ఒకటి కొని డ్రైవరు తమ్మునికే ఇచ్చాము. ప్రతి నెల మొదటి శనివారము ఇంజను నడిపి, లైట్లు వేసి, కొలిచి ఒక నోటు పుస్తకములో వ్రాస్తాడు. దాని అట్టలోపల ఇప్పటి బ్యాటరీ వారంటీ కార్డు అంటించి ఉన్నది.