ల్యాప్‌టాప్ వేడి - మన తొందర

విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు దానిని తయారుచేసిన మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 అక్టోబరు 14వ తేదీతో మద్దతును ముగించినది. అందుచేత మన బళ్ళారిలోను పలువురు తమ యిండ్లలోని ల్యాప్‌టాప్‌లను విండోస్ 11కు మార్చుకొనిరి. మార్చిన మరునాటినుండియే "యంత్రము కాలిపోవుచున్నది, ఫ్యాను ఊరకుండుట లేదు" అను మాట తల్లిదండ్రుల నోట వినుచున్నాము. కొందరు వెంటనే మరమ్మతు దుకాణమునకు పరుగిడుచున్నారు. మరికొందరు క్రొత్తది కొనుటకై అప్పునకు సిద్ధపడుచున్నారు. ఈ తొందర తగదని మా అభిప్రాయము.

క్రొత్త యింట చేరిన గృహిణికి మొదటి రెండు దినములు విశ్రాంతి యుండదు. ఏ వస్తువు ఎక్కడ నున్నదో చూచి సర్దుకొనవలెను గదా! క్రొత్త ఆపరేటింగ్ సిస్టము స్థితియు నట్టిదే. అది మన ఫైళ్ళన్నిటికిని వెదకుటకు వీలుగా సూచిక వ్రాసికొనును. మిగిలిన అప్‌డేట్లను, డ్రైవర్లను దింపుకొనును. వైరసుల కొరకు తనిఖీ చేయును. ఈ భారమంతయు ప్రాసెసరుపై పడును. పని పెరిగిన కొలది వేడి పెరుగును. ఇది కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు దినములు సాగును. కావున యంత్రమును చార్జరునకు, ఇంటర్నెట్టునకు తగిలించి, గట్టి బల్లపై నుంచి, దాని పని దానిని ముగించుకొననిండు. ఇందులకు ఖర్చు లేదు.

అటుపిమ్మటను వేడి తగ్గనిచో కారణమును వెదకవలెను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒక్కసారి నొక్కిన టాస్క్ మేనేజర్ తెరచుకొనును. అందు సి.పి.యు. అను వరుసలో ఎప్పుడును పైన నిలుచు ప్రోగ్రామే దోషి. అక్కరలేనిదైనచో ఆపవచ్చును. యంత్రముతోపాటు తమంతట తామే మేల్కొను ప్రోగ్రాములను తగ్గింపవచ్చును. సెట్టింగులలో పవర్ మోడును పొదుపు వైపు మార్చిన వేడి కొంత దిగును. డ్రైవర్లను ల్యాప్‌టాప్ కంపెనీవారి సొంత వెబ్‌సైటు నుండియే తెచ్చుకొనవలెను. పది దినములలోగా పాత విండోసునకు మరలు వీలు కలదు గాని, మద్దతు ముగిసిన దానికి మరలుట శాశ్వత పరిష్కారము కాదు.

మన ఊరి ఎండనుకూడ లెక్కింపవలెను. అనేక కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లను 35 డిగ్రీలకు లోబడిన గదిలో వాడుమని చెప్పుచున్నవి. బళ్ళారి వేసవి 40 డిగ్రీలు దాటును! అట్టియెడ పరుపుపైనను దిండుపైనను ఉంచి, అడుగునగల గాలి రంధ్రములను మూసిన యంత్రమెట్లు చల్లబడును? తడిగుడ్డ కప్పుట, ఫ్రిజ్జులో నుంచుట మరింత ప్రమాదకరము. తేమ లోపల చేరి యంత్రమే చెడును. ఫ్యానులో పేరుకొన్న దుమ్మును మాత్రము తెలిసినవారిచే తీయింపవలెను. బ్యాటరీ ఉబ్బినచో క్షణమైనను వాడరాదు. అప్పుడు దుకాణమునకు పోవుటయే వివేకము.

ఇక విండోస్ 11కు 4 జి.బి. ర్యామ్, టి.పి.ఎం. 2.0, కంపెనీ ఆమోదించిన ప్రాసెసరు కావలెను. అవి లేని పాత యంత్రముపై అడ్డదారిని దానినెక్కించుట ముసలి యెద్దుపై రెండు బండ్ల బరువు మోపుటయే. అట్టిదానికి తేలికయైన లినక్సు మేలు.

"ఇన్ని చూచుటకు మాకు తెలియునా?" యని తల్లిదండ్రులడుగవచ్చును. తెరపై ఇంగ్లీషు, దుకాణమున కన్నడము. నడుమ తెలుగు చదివినవాడు చెప్పినంత సొమ్ము చెల్లించి వచ్చుచున్నాడు. ఇదియే మాకు బాధ. విండోసును తెలుగులో చూపునట్లు అమర్చుకొనవచ్చును. ఆ మాటలు చదివి తల్లిదండ్రులకు వివరింపగలవారు మన బడి పిల్లలే.

విద్యార్థులారా! ఇంట నున్న ఒక్క ల్యాప్‌టాప్ మీ చదువునకు ఆధారము. అది వేడెక్కిన నాడు భయపడక, రెండు దినములు వేచి, తెర చదివి, కారణము తెలిసికొని అమ్మానాన్నలకు చెప్పుడు. పిమ్మటనే డబ్బుసంచి విప్పుదురు గాక.