రాత్రి బండిలో నిద్ర

మండపేటకు రైలు లేదు. గోదావరి తూర్పు డెల్టాలో ధాన్యపు మిల్లులకు పేరుపడిన ఈ పట్టణం నుండి హైదరాబాదు వెళ్లదలచినవారు పది కిలోమీటర్ల దాపున ఉన్న ద్వారపూడికో, దూరపు బళ్లు చాలావరకు ఆగే రాజమండ్రికో ముందుగా చేరుకోవాలి. అందువల్ల ఇక్కడివారి రైలు ప్రయాణం ఆటోలో మొదలవుతుంది. ఒడిలో తాపేశ్వరం కాజాల పెట్టె, కాళ్ల మధ్య ఆవకాయ జాడీ, నెత్తిమీద కొత్త బియ్యపు మూట దిగజారకుండా పట్టుకున్న చేయి. కొడుకు కాపురం చూడబోయే తల్లి, పోటీ పరీక్షకు వెళ్లే విద్యార్థి, పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి కాగితాల సంచితో బయలుదేరిన రైతు, వీరందరూ ఆ రాత్రికి ఒకే పెట్టెలో ఇరుగుపొరుగువారు. సాయంత్రం ఇల్లు తాళం వేసి, తెల్లవారేసరికి సికింద్రాబాదులో దిగి, పగటి పని చూసుకుని, మళ్లీ రాత్రికే తిరుగుబండి ఎక్కడం గోదావరి జిల్లాలవారికి దశాబ్దాల అలవాటు. 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్సు, కాకినాడ నుండి నడిచే గౌతమి ఆ అలవాటుకు ఆధారాలు. హోటలు గది అద్దె భరించలేనివానికి రాత్రి బండే బస.

కనుక స్లీపరు టిక్కెట్టుతో ప్రయాణికుడు కొనేది దూరాన్ని మాత్రమే కాదు, నిద్రను కూడా. మరునాడు పరీక్ష రాయవలసినవానికి, వైద్యుని ముందు నిలబడవలసినవానికి ఆ నిద్ర విలాసం కాదు. అయినా ఈ దేశంలో సామాన్యుని నిద్ర రైల్వే లెక్కలలోకి చాలా ఆలస్యంగా ప్రవేశించింది. దక్షిణాఫ్రికా నుండి తిరిగివచ్చి దేశమంతటా మూడవ తరగతిలోనే తిరిగిన గాంధీజీ, ఆ పెట్టెలలోని కిక్కిరిసిన జనాన్ని, అపరిశుభ్రతను 1917లో తీవ్రంగా విమర్శించారు. మూడవ తరగతి అన్న పేరు 1974లో పోయింది. కాని పేరు పోయినంత మాత్రాన చెక్కబల్ల మెత్తబడలేదు. 1977 తరువాత మధు దండావతే రైల్వే మంత్రిగా ఉన్న కాలంలో రెండవ తరగతి బెర్తులకు దూదిపరుపు వంటి మెత్త వేయడం ఆరంభమైంది. రెండంగుళాల మెత్త! చూడడానికి ఎంత చిన్న మార్పు! దానితో మేలుపొందినవారి సంఖ్యను తలచుకుంటే, ఎన్నో ఆర్భాటపు పథకాల కన్న అదే పెద్దదని ఒప్పుకోక తప్పదు.

పాతకాలపు స్లీపరు పెట్టెలో అరలు తొమ్మిది, అరకు ఎనిమిది బెర్తుల చొప్పున మొత్తం 72. ఆదాయం పెంచుకోవాలన్న ఆలోచనతో 2000 తరువాతి దశకంలో పక్క బెర్తుల నడుమ మరొకటి ఇరికించి, ఆ సంఖ్యను 81కి చేర్చే ప్రయత్నం జరిగింది. పడుకున్నవాడు పక్కకు తిరగలేడు, కూర్చున్నవాడు తల ఎత్తలేడు. ప్రయాణికుల నిరసనలకు తలవంచి కొద్దికాలానికే వాటిని తొలగించవలసి వచ్చింది. కాగితం మీద తొమ్మిది మందికి చోటు కల్పించినట్లు కనిపించిన ఆ లెక్క, నిజానికి పెట్టెలోని వారందరి నిద్రనూ కొంచెం కొంచెంగా కోసి పోగుచేసినది. ఇప్పటి కొత్తరకం పెట్టెలు పొడవు ఎక్కువైనవి కనుక వాటిలో 80 మందికి ఇబ్బంది లేకుండా చోటు దొరుకుతున్నది.

ఇక తోటివారి విషయం. రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు నిద్రవేళ అని రైల్వేశాఖ 2017లో స్పష్టం చేసింది. ఆ వేళలో నడిమి బెర్తు ఎత్తి వేసుకోవడానికి క్రింది బెర్తువాడు అడ్డుచెప్పరాదు. ఆ వేళ దాటిన తరువాత నడిమివాడు బల్ల దించకుండా పడుకుని, క్రిందివారిని మెడలు వంచుకుని కూర్చోబెట్టరాదు. నియమం సబబైనదే. అయితే ఏలూరులో ఎక్కిన కుటుంబం పెట్టెలోని దీపాలన్నీ వెలిగించి పిల్లలకు పులిహోర పొట్లాలు విప్పితే ఏ నియమం అడ్డుకుంటుంది? చరవాణిలో చలనచిత్రాన్ని పెట్టెనంతటికీ వినిపించే యువకునికి ఎదురుబెర్తులో దగ్గుతున్న వృద్ధుడు కనిపించడా? అర్ధరాత్రి పూట పొరుగువానిని మందలించే ధైర్యం అందరికీ ఉండదు. అందరూ ముసుగుతన్ని ఊరుకుంటారు. వృద్ధులకు, నలభై అయిదేళ్లు దాటిన స్త్రీలకు, గర్భవతులకు ప్రతి పెట్టెలోనూ ఆరేడు క్రింది బెర్తులు కేటాయించారు. అవి నిండిపోయాక టిక్కెట్టు కొన్న ముదుసలికి పైబెర్తు రావచ్చు. అప్పుడు ఆమె మోకాళ్ల బరువు క్రింది బెర్తులోని కుర్రవాని మంచితనం మీద ఆధారపడుతుంది. చాలామంది అడగకముందే లేచి చోటు ఇస్తారు. ఈ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. 

మరుగుదొడ్డి పక్కన, తలుపు దగ్గర, నడవలో కాగితం పరచుకుని పడుకున్నవారిని చూసి బెర్తువారు విసుక్కోవడం సామాన్యదృశ్యం. సంక్రాంతి రోజులలో ఇది మరీ ఎక్కువ. ఆ విసుగులో న్యాయం కొంత లేకపోలేదు. కాని కోపం చేరవలసిన చోటు అది కాదు. సాధారణ పెట్టెలు చాలినన్ని ఉంటే ఎవడూ కోరి మరుగుదొడ్డి గుమ్మంలో తెల్లవార్లూ కూర్చోడు.

నిద్ర గురించిన ఈ మాటలన్నీ సౌకర్యానికి సంబంధించినవిగానే తోచవచ్చు. 2008 జులై 31 రాత్రి తలచుకుంటే అలా తోచదు. సికింద్రాబాదు నుండి కాకినాడకు బయలుదేరిన గౌతమి ఎక్స్‌ప్రెస్సులో అర్ధరాత్రి దాటాక, కేసముద్రం స్టేషను దాటిన తరువాత మంటలు లేచాయి. స్లీపరు పెట్టెలు తగులబడి ముప్పైమందికి పైగా మరణించారు. వారంతా తెల్లవారేసరికి తమ గమ్యాలకు చేరవలసినవారు. నాలుగేళ్ల తరువాత, 2012 జులై 30 తెల్లవారుజామున నెల్లూరు వద్ద తమిళనాడు ఎక్స్‌ప్రెస్సులో ఒక స్లీపరు పెట్టె కాలిపోయింది. 2013 డిసెంబరు 28న అనంతపురం జిల్లా కొత్తచెరువు సమీపంలో బెంగుళూరు - నాందేడు బండి శీతల పెట్టెలో నిప్పు అంటుకుని 26 మంది చనిపోయారు. మూడూ తెలుగునేల మీదనే, మూడూ జనం గాఢనిద్రలో ఉన్న వేళనే జరిగాయి. పొగ శ్వాసను, తెలివిని హరిస్తుంది. మేలుకొన్నవానికి తలుపు ఎటున్నదో తెలియదు. ఎర్రని గుర్తు ఉన్న అత్యవసరపు కిటికీ ప్రతి పెట్టెలో ఉంటుంది. తాను కూర్చున్న చోటికి అది ఎన్నవ అరలో ఉన్నదో ఎందరు చూసుకుంటారు? ఆ కిటికీ క్రిందనే బియ్యపు మూట, నడవకు అడ్డంగా గొలుసువేసి తాళం బిగించిన పెట్టెలు ఉంటాయి. కిరోసిను, బాణసంచా వంటి వాటిని బండిలో తీసుకుపోవడం 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలుశిక్షకు అర్హమైన నేరం. దీపావళి ముందు సంచులు తెరిచి చూస్తే ఆ చట్టం ఎందరికి తెలుసో బయటపడుతుంది. పొగను ముందే కనిపెట్టి బండిని ఆపే యంత్రాలు ఇప్పుడు వచ్చాయి. అయితే వాటిని అమర్చడంలో శీతల పెట్టెలకే మొదటి పీట దక్కింది. గౌతమిలో కాలిపోయినవి మాత్రం సామాన్యుల పెట్టెలు.

బండిలో బెర్తు దొరకనివాడు ఇంట్లో కూర్చోడు, బస్సు ఎక్కుతాడు. మండపేట వంటి రైలు లేని ఊరిలో బస్సుదే ఆకర్షణ. వీధి చివర ఎక్కించుకుని నగరంలో ఇంటి దగ్గరలో దించుతుంది. పరుచుకున్న పక్కలు, తెరలు, చల్లగాలి అన్నీ ఉంటాయి. కాని 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద రాత్రి బస్సు కాలి 45 మంది బలైన సంగతి, పన్నెండేళ్లు గడిచాక 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద మరొక పడకల బస్సు అదే రీతిగా దగ్ధమైన సంగతి మరువరానివి. రెండు బస్సులకూ దారి బెంగుళూరు రహదారియే అయినా, డెల్టా నుండి వెళ్లే బస్సులు వేరే లోహంతో చేసినవి కావు. ఎన్ని ప్రమాదాలు చెప్పుకున్నా, రాత్రంతా ఒక్క డ్రైవరు కునుకు మీద ఆధారపడే దారి కన్న పట్టాల దారి మేలని అనుభవజ్ఞులు భావిస్తారు. అందుచేత స్లీపరు బెర్తులు తగ్గిపోవడం ప్రయాణికులను రోడ్డు మీదికి నెట్టడమే అవుతుంది.

2021లో తక్కువ ధర శీతల పెట్టెలు ప్రవేశించాయి. వాటిని అదనంగా తగిలిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. స్లీపరు పెట్టెను విప్పి దాని స్థానంలో తగిలించినచోటనే చిక్కు. ఆ ధరకూ ఈ ధరకూ గల తేడా ఉద్యోగికి ఒక పూట భోజనం కావచ్చు, నలుగురు సభ్యుల కూలి కుటుంబానికి మాత్రం ప్రయాణం మానుకోవడానికి చాలిన కారణం. 2020 మార్చిలో వృద్ధుల రాయితీని నిలిపివేయడం కూడా ఈ భారానికే తోడైంది. శీతల యంత్రాలు లేని పెట్టెలతోనే నడిచే అమృత్ భారత్ బళ్లను 2023 డిసెంబరు 30న ప్రారంభించడం దీనికి ఎదురుదిశలో పడిన మంచి అడుగు. అటువంటి పెట్టెలు పాత బళ్లకు కూడా పండుగల నెలలోనైనా చేర్చాలి. పొగను పసిగట్టే యంత్రం శీతల పెట్టెలో ఎంత అవసరమో స్లీపరులోనూ అంతే అవసరమని అంగీకరించాలి. ద్వారపూడి వంటి చిన్న స్టేషనులో రెండు నిమిషాలు ఆగే రాత్రి బండి ఒక్కటి పెరిగితే, మండపేట చుట్టుపక్కల ఎన్నో గ్రామాలవారికి అర్ధరాత్రి ఆటో బేరం తప్పుతుంది.

తిరుగుబండి కొవ్వూరు దాటేసరికి ఎవరూ లేపకుండానే పెట్టెలో సగంమంది లేచి కూర్చుంటారు. వంతెన మీదికి చేరగానే చక్రాల చప్పుడు మారుతుంది. 1900 నుండి 1997 వరకు బళ్లను మోసిన పాత హేవలాకు వంతెన స్తంభాలు పక్కన మసకగా కనిపిస్తాయి. పైబెర్తులో రాత్రంతా ముడుచుకుపడుకున్న ముదుసలి నెమ్మదిగా దిగి, క్రింది బెర్తు కుర్రవాడు జరిగి ఇచ్చిన చోట కిటికీ దగ్గర కూర్చుని, కొంగుముడి విప్పి, రూపాయి బిళ్ల నీటిలోకి విసిరి నమస్కరిస్తుంది. ఆపైన రాజమండ్రి, కడియం, ద్వారపూడి. స్టేషను బయట మండపేట ఆటోలవాళ్లు అప్పటికే పిలుస్తూ ఉంటారు.