తోటలో దొంగలు

"ఇంగ్లండు దాకా వచ్చి, కోటలన్నీ మానేసి పెరటి తోట చూస్తానంటావేమిటి బాబాయ్?" అన్నాడు ఆక్స్‌ఫర్డులో చదువుకుంటున్న మా అన్నయ్య కొడుకు. అయినా నా మాట తీసెయ్యలేక కారు తీశాడు.

లెచ్‌లేడ్‌కు దగ్గరలో కెల్మ్‌స్కాట్ అనే చిన్న పల్లె. అక్కడి థేమ్స్ నదిని చూస్తే, లండన్‌లో అంత దర్జాగా పారేది ఇదేనా అనిపిస్తుంది. మన పంట కాలువలాగా, విల్లో చెట్ల నీడన చడీ చప్పుడూ లేకుండా పోతూ వుంటుంది.

నదికి కాస్త ఇవతల బూడిదరంగు రాతి ఇల్లు. 1600 ప్రాంతంలో ఒక రైతు కట్టుకున్నది. తరవాత 'మేనర్' అని పెద్ద పేరు తగిలించారు గాని, జమీందారీ హంగేమీ లేదు. గేటు నుంచి గుమ్మం దాకా రాళ్లు పరచిన బాట, ఇరువైపులా గులాబీలు. ఒక ప్రక్క యూ చెట్ల దడిని డ్రాగన్ ఆకారంలో కత్తిరించారు. దాని పేరు ఫాఫ్నిర్, ఐస్‌లాండు గాథలోని డ్రాగన్ పేరు.

ఆ పేరు పెట్టినవాడు విలియం మోరిస్ (1834–1896). కవి, అద్దకపు పనిలో సిద్ధహస్తుడు, సామ్యవాది. 1871లో చిత్రకారుడు రోసెటీతో కలిసి ఈ ఇంటిని అద్దెకు తీసుకున్నాడు. బ్రతికినన్నాళ్లూ ఆయనకిది అద్దె ఇల్లే! 1913లో భార్య జేన్ దీన్ని కొనేనాటికి ఆయన పోయి 17 ఏళ్లు. అద్దెకొంపలో మొక్క నాటి ఏం లాభమనే మనబోటివాళ్లం ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక దొంగల కథ. ఈ తోటలో స్ట్రాబెర్రీ మళ్లుండేవి. కాయలు దక్కించుకోవాలని వల కప్పితే, గుండెమీద చుక్కలుండే థ్రష్ పిట్టలు వల క్రింద దూరి పళ్లు కాజేసేవి. తోటమాలికి వాటి మెడలు విరిచెయ్యాలన్నంత కోపం. మోరిస్ మాత్రం పొద్దున్నే వచ్చి ఆ దొంగతనాన్ని చూస్తూ నిలబడేవాడట. తోటలో ఏ పిట్టనూ ముట్టుకోవద్దన్నాడని కూతురు మే వ్రాసింది.

ఊరికే చూచి ఊరుకోలేదు. 1883లో ఆ పిట్టలనే బట్ట మీదికెక్కించాడు. పేరు 'స్ట్రాబెర్రీ దొంగ'. బట్టనంతా ముందు నీలిమందులో ముంచడం, తెలుపు కావలసినచోట అచ్చుతో నీలాన్ని తీసివేయడం, ఆ తరవాత ఎరుపు, పసుపు అచ్చులు వేయడం. ఒక్కొక్క బట్టకు రోజులు పట్టేది. కలంకారీ ఎరిగిన మనకు ఆ ఓపిక ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. ఖరీదెక్కువైనా బట్ట బాగా అమ్ముడుపోయింది. ఆ యేటి పళ్లు పిట్టల పాలయ్యాయి. ఆ పిట్టలు మాత్రం ఇప్పటికీ ఇళ్లలో కిటికీ తెరల మీద నిలిచివున్నాయి.

ఆ మాట చదువుతూ నేను కాసేపు మాట్లాడలేకపోయాను. మా రాజమండ్రి పెరట్లో జామచెట్టుకు పోయిన వేసవిలో నేనే వల కట్టించాను. ఒక ఉదయం వెళ్లి చూస్తే చిలక కాలు చిక్కుకుని, తలక్రిందులుగా ప్రాణం విడిచి వుంది. ఎవరికీ చెప్పకుండా తీసి పాతిపెట్టాను. వల మాత్రం తీయలేదు. కాయలు బాగా కాశాయి మరి!

"ఏమిటి బాబాయ్, అలా వున్నావు?" అన్నాడు మావాడు.

"ఏం లేదురా" అన్నాను.

బయటికి వచ్చి, నది ఒడ్డునే నిలబడి ఇంటికి ఫోను చేశాను. "జామచెట్టు మీది వల తీయించెయ్యి" అన్నాను.

"కాయలన్నీ చిలకలు తినిపోతే?" అంది మా ఆవిడ.

"మోరిస్‌లాగా బొమ్మ వేయడం నాకు చేతకాదు. చూస్తూ కూర్చోవడమైతే చేతనవును" అన్నాను.