ప్లగ్ పీకినంత మాత్రాన

యూట్యూబ్‌లో ‘అన్‌ప్లగ్డ్’ అని కొట్టి చూడండి. ఒక అకూస్టిక్ గిటారు, పసుపు లైట్లు, నాలుగు కొవ్వొత్తులు, కళ్ళు మూసుకున్న గాయకుడు. పాట ఏదైనా సరే, వేగం సగానికి పడిపోతుంది. కింద కామెంట్లలో ‘రా’, ‘ప్యూర్’, ‘సోల్’ అనే మూడు మాటలు తిరుగుతుంటాయి. కరెంటు తీసేస్తే పాటలోని నిజం బయటికొస్తుందని ఒక గట్టి నమ్మకం. దానికి మా తరం రాక్ అభిమానులు చూపించే సాక్ష్యం దాదాపు ఎప్పుడూ ఒకటే: 1993 నవంబర్ 18న న్యూయార్క్‌లోని సోనీ మ్యూజిక్ స్టూడియోస్‌లో నిర్వాణ చేసిన ఎంటీవీ అన్‌ప్లగ్డ్. నా గొడవల్లా ఏమిటంటే, ఆ సాక్ష్యం చెప్పేది ఇది కాదు.

ముందు ఆ ‘నిరాడంబరత’ సంగతి చూద్దాం. ఆ రోజు కర్ట్ కొబేన్ చేతిలో ఉన్నది మార్టిన్ డి-18ఇ. కంపెనీయే పికప్‌లు బిగించి అమ్మిన గిటారు. దాన్ని పెడల్స్ మీదుగా ఆంప్‌కి కలిపారు. ఆ ఆంప్ జనానికి కనపడకుండా ఒక డబ్బా అడ్డం పెట్టారు. ‘ద మ్యాన్ హూ సోల్డ్ ద వరల్డ్’లో సోలో వచ్చినప్పుడు చెవి పెట్టి వినండి, అందులో కరెంటు తెలిసిపోతుంది. తెల్ల లిల్లీలూ నల్ల కొవ్వొత్తులూ షాండ్లియరూ వాటంతట అవి వచ్చి పడలేదు, కొబేన్ కావాలని అడిగి పెట్టించుకున్నవి. ఇందులో మోసమేమీ లేదు. స్టేజీ అన్నాక అమరిక ఉంటుంది. ఆ అమరికనే నగ్నసత్యం అనుకోవడం మాత్రం మన అమాయకత్వం.

మరి ఆ గంటలో అంత గొప్పేముంది? నా మటుకు నాకు జవాబు పాటల జాబితాలోనే ఉంది. మొత్తం 14 పాటలు. అందులో 6 వేరేవాళ్ళవి. ప్రపంచమంతా ఎదురుచూసే ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ లేదు. అప్పటికే పెద్ద హిట్టయిన వాటిలో ఉన్నది ‘కమ్ ఆజ్ యూ ఆర్’ ఒక్కటే. స్కాట్లాండ్‌కి చెందిన ద వాజెలీన్స్ అనే చిన్న బ్యాండ్ పాట ఒకటి, డేవిడ్ బౌవీది ఒకటి. అరిజోనా బ్యాండ్ మీట్ పపెట్స్ 1984లో తెచ్చిన ఆల్బమ్ నుంచి ఏకంగా మూడు. అవి పాడేటప్పుడు ఆ బ్యాండ్‌కి చెందిన కర్క్‌వుడ్ అన్నదమ్ములిద్దర్నీ స్టేజీ మీదికి పిలిచి, వాయించే పని వాళ్ళకిచ్చి, తను గిటారు వదిలేసి ఊరికే పాడుతూ కూచున్నాడు. అంత పెద్ద స్టార్ తనకొచ్చిన టీవీ గంటలో దాదాపు సగం తను ప్రేమించినవాళ్ళకి పంచేశాడు. పంచడమే కాదు, ఏ పాట ఎవరిదో నోటితో చెప్పాడు.

ఆఖరిది ‘వేర్ డిడ్ యూ స్లీప్ లాస్ట్ నైట్’. అది లెడ్ బెల్లీ పాట అని చెప్పి పాడాడు. ఆ తర్వాత ఎంకోర్‌కి ఒప్పుకోలేదు. ఐదు నెలలైనా తిరక్కుండానే, 1994 ఏప్రిల్‌లో చనిపోయాడు. ఇక అప్పట్నించీ ఆ చివరి కేకని అందరూ మరణవాంగ్మూలంలాగే వింటున్నారు. కానీ అదే పాటని మార్క్ లానెగన్ తన 1990 ఆల్బమ్ కోసం పాడినప్పుడు గిటారు వాయించింది కొబేనే. అంటే ఏళ్ళ తరబడి తనతో పెట్టుకు తిరిగిన పాట అది. ‘చావుని ముందే పసిగట్టాడు’ అనే కథలో లెడ్ బెల్లీ మాయమైపోతాడు. ఒక నల్లజాతి గాయకుడి పాట ఒక తెల్ల కుర్రాడి విషాదానికి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అయిపోతుంది.

‘రా’ అనే మాట మీద నాకు అనుమానం పుట్టిందీ లెడ్ బెల్లీ దగ్గరే. అసలు పేరు హడీ లెడ్‌బెటర్. 1933లో జాన్ లోమాక్స్, ఆయన కొడుకు ఆలన్ లూసియానాలోని ఆంగోలా జైల్లో అతని పాటలు రికార్డు చేశారు. అతనికేమో చక్కగా సూటు తొడుక్కుని పాడటం ఇష్టం. 1935 నాటి న్యూస్‌రీల్‌లో మాత్రం, విడుదలైన మనిషికి మళ్ళీ ఖైదీ బట్టలు తొడిగి చూపించారు. చూసేవాళ్ళకి ‘అసలు సిసలు’గా కనిపించాలిగా! సంపాదనలో పెద్ద వాటా లోమాక్స్‌లు తీసుకున్నారు. నిరాడంబరత కూడా ఒక వేషమే. ఆ వేషం ఎవరు వేయిస్తున్నారు, డబ్బు ఎవరికి పోతోంది అన్నదే అసలు ప్రశ్న.

లెడ్ బెల్లీ దగ్గర కూడా ఈ తీగ తెగదు. ఆ పాట అపలాచియన్ కొండల్లో అంతకుముందే జనం నోళ్ళలో ఉంది. మొదట కట్టిందెవరో ఎవరికీ తెలీదు. ‘మరి అలాంటప్పుడు పేర్ల లెక్కలెందుకు, పాట విని ఊరుకోవచ్చుగా’ అంటారు కొందరు. నేను కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. ఓపెన్ సోర్స్‌లో ఎంఐటీ లైసెన్స్ అని ఒకటుంటుంది. కోడ్ ఏమైనా చేసుకో, అమ్ముకో కూడా, కానీ రాసినవాడి పేరున్న ఆ నోటీసు మాత్రం తీసేయకు అంటుంది. మొదటి మనిషి దొరక్కపోతే దొరికినంత వరకూ చెప్పాలి. మొదటివాడు తెలీదు కాబట్టి ఎవర్నీ చెప్పను అనేవాడిది సోమరితనం, లేదా వ్యాపారం.

మన దగ్గర ఆ వ్యాపారం తక్కువేం కాదు. ఒక ఊళ్ళో ఎవరో ముసలామె పాడిన పాట సినిమాకెక్కుతుంది. ‘జానపదం’ అని ఒక్క ముక్క వేస్తే పనైపోతుంది. పల్లవి అందరిదీ, రాయల్టీ ఒకరిదీ. ఆ సినిమా పాటనే మళ్ళీ కొవ్వొత్తుల మధ్య నెమ్మదిగా పాడి ‘అన్‌ప్లగ్డ్’ అంటాం. డిస్క్రిప్షన్‌లో మైకు మోడల్ ఉంటుంది, గిటారు కంపెనీ ఉంటుంది, ఇన్‌స్టా లింకు ఉంటుంది. పాట ఎవరిదో ఉండదు. నిర్వాణ నుంచి మనం నేర్చుకున్నది పూల అలంకరణ మాత్రమే.

పేరు చెప్తే అంతా సరైపోతుందనీ అనను. బౌవీ పాట అని కొబేన్ అక్కడే చెప్పినా, అది నిర్వాణదే అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కానీ చెప్పాడు కాబట్టే మీట్ పపెట్స్ గురించి వేల మైళ్ళ దూరంలో ఉన్న నాలాంటివాడికి తెలిసింది. ఆ రాత్రి వాయించిన మార్టిన్ గిటారు 2020 వేలంలో 60 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. చెక్కకి అంత ధర కట్టేవాళ్ళు ఎలాగూ ఉంటారు. కవర్ సాంగ్స్ పాడే మిత్రుల్ని నేనడిగేది ఖర్చులేని పని: ఈసారి వీడియో పెట్టేటప్పుడు, మైకు మోడల్ కంటే పైన, పాట కట్టిందెవరో, మీరు ఎవరి దగ్గర విన్నారో రాయండి. గిటారు ప్లగ్గులో ఉందా లేదా అన్నది మీ ఇష్టం.