సున్నా ఫలితాలు

చరిత్ర థీసిస్‌లలో ఈమధ్య ఒక తరహా వాక్యం తరచుగా కనిపిస్తోంది: ఫలానా సంఘటనను ఆనాటి అమెరికన్ పత్రికలు పట్టించుకోలేదు అని. ఆధారం ఏమిటా అని అధోజ్ఞాపికలోకి వెళ్తే ఒక వెబ్‌సైటు పేరు, వెతికిన తేదీ ఉంటాయి. రాసినవారి నిజాయితీని శంకించనక్కర్లేదు. వెతికారు, ఏమీ రాలేదు. యంత్రానికి దొరకనిదాన్ని పత్రికలో లేనిదిగా రాసేశారు.

ఈ పనికి ఎక్కువమంది వాడేది క్రానిక్లింగ్ అమెరికా. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్ కలిసి 2005లో మొదలుపెట్టిన కార్యక్రమం నుంచి వచ్చింది. రెండు కోట్లకు పైగా పేజీలు, పైసా ఖర్చు లేదు. హైదరాబాదులో కూర్చుని 1890ల నాటి మోంటానా పత్రిక చదవడం మా ముందుతరం కలలో కూడా అనుకోనిది. అయితే అక్కడున్నవాటిలో చాలావరకు కాగితాన్ని స్కాన్ చేసినవి కావు, ఎప్పుడో తీసిన మైక్రోఫిల్మును స్కాన్ చేసినవి. ఆ బొమ్మలోంచి ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ అక్షరాలు ఏరుతుంది. ఏరినదాన్ని ఎవరూ కూర్చుని దిద్దరు. మనం ఒక పేరు కొట్టినప్పుడు వెతుకులాట జరిగేది ఆ దిద్దని పాఠంలోనే.

దీని బరువు ఎంతో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఓసీఆర్ నూటికి 95 అక్షరాలు సరిగ్గా పట్టిందనుకుందాం. వినడానికి బాగానే ఉంది. కానీ పది అక్షరాల ఇంటిపేరు ఒక్క తప్పూ లేకుండా బయటపడే అవకాశం 60 శాతమే. 90 శాతమైతే 35కి పడిపోతుంది. పైగా నిఘంటువులో ఉండే మామూలు మాటలను సాఫ్ట్‌వేర్ కొంత ఊహించి సర్దుకోగలదు, మనుషుల పేర్లకూ ఊళ్ల పేర్లకూ ఆ ఆసరా ఉండదు. పరిశోధకులు ఎక్కువగా వెతికేవి అవే.

పాఠం శుభ్రంగా ఉన్నా మన మాట ఆనాటి మాట కాకపోవచ్చు. 1907 సెప్టెంబరు 4న వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో తెల్లవారి గుంపు రంపపు మిల్లుల్లో పనిచేసే భారతీయులను ఊళ్లోంచి తరిమేసింది. వాళ్లలో ఎక్కువమంది సిక్కులు. పత్రికలు మాత్రం 'Hindus' అనీ 'Hindoos' అనీ రాశాయి. 'సిక్కు' అని వెతికితే ఆ రాతల్లో చాలా భాగం తప్పిపోతుంది. మన ఒంగోలు సంగతీ అంతే. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి అమెరికన్ బాప్టిస్టు మిషన్ బాప్తిస్మం ఇచ్చింది. ఆ మిషన్ వాళ్లు తెలుగును 'టెలూగూ' అనే వరసలో రాసిన కాలమది. నేటి స్పెల్లింగుతో వెతికి లేదనుకునేవారిని ఏమనగలం?

ఇవన్నీ ఓపికతో దాటగలిగినవే. ఓపిక ఆదుకోలేని చోటు ఇంకొకటుంది. 1921 మే 31న టల్సా ట్రిబ్యూన్ మొదటి పేజీలో, ఒక నల్లజాతి యువకుడు లిఫ్టులో తెల్ల యువతిపై దాడి చేశాడంటూ వార్త వేసింది. ఆ రాత్రే గుంపులు చేరాయి. మర్నాటికి నల్లజాతివారి పేట గ్రీన్‌వుడ్ తగలబడింది. 1946లో లోరెన్ గిల్ అనే విద్యార్థి తన థీసిస్ కోసం చూసేసరికి, ఆ వార్త బైండు చేసిన ప్రతిలో చించేసి ఉంది. సంపాదకీయ పేజీ కూడా చిరిగి ఉంది. మైక్రోఫిల్ములోకి ఎక్కింది ఆ చిరిగిన ప్రతే. వార్త తర్వాత వేరే ప్రతిలో దొరికింది. సంపాదకీయ పేజీలో పోయింది ఏమిటో ఈనాటికీ వివాదమే. ఫిల్ము తిప్పి చూసేవాడికి కనీసం చిరుగు కనిపిస్తుంది. వెతికే పెట్టెకు చిరుగూ ఒకటే, ఖాళీ జాగా ఒకటే.

కొన్ని పత్రికలైతే మొత్తంగానే పోయాయి. నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ మెంఫిస్‌లో నడిపిన ఫ్రీ స్పీచ్ కార్యాలయాన్ని 1892లో ధ్వంసం చేశారు. ఆ పత్రికది ఒక్క ప్రతి కూడా మిగిలినట్టు లేదు. విల్మింగ్టన్‌లో నల్లజాతి సంపాదకుడు అలెగ్జాండర్ మాన్లీ పత్రిక డైలీ రికార్డును 1898 నవంబరు 10న తగలబెట్టారు. దానివి వేళ్ల మీద లెక్కపెట్టే సంచికలే మిగిలాయి. తగలబెట్టినవారిని సమర్థించిన పత్రికలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. ఆ ఏడాది ప్రజాభిప్రాయం గ్రాఫు గీస్తే ఎవరి అభిప్రాయం పైకి లేస్తుందో వేరే చెప్పాలా!

దీనికి విరుద్ధమైన తప్పు కూడా ఉంది, ఉన్నదాన్ని ఎక్కువగా లెక్కపెట్టడం. ఊళ్ల వారపత్రికల్లో చాలావాటికి ఒకవైపు అచ్చేసిన కాగితాలను కంపెనీలు సరఫరా చేసేవి. స్థానికులు రెండోవైపు తమ వార్తలు వేసుకునేవారు. ఒకే వ్యాసం వందల పత్రికల్లో వస్తే అది వందల ఊళ్ల ఆలోచన కాదు, ఒక గుమాస్తా ఎంపిక.

దొరికేదే చరిత్రగా మారుతోందనడానికి కొలిచిన సాక్ష్యం పొరుగుదేశం నుంచి ఉంది. కెనడా చరిత్రకారుడు ఇయన్ మిల్లిగన్ అక్కడి పరిశోధనా గ్రంథాలు తిరగేశారు. టొరంటో స్టార్ ప్రస్తావనలు 1998లో 74, ఆ పత్రిక డిజిటల్ రూపంలోకి వచ్చాక 2010లో 753. థీసిస్‌ల సంఖ్య ఆ రెండేళ్లలోనూ దాదాపు ఒక్కటే.

నాకు ఇప్పుడు ఎక్కువ దిగులు వీటి గురించి కాదు. చెడ్డ ఓసీఆర్‌కు ఒక మంచి గుణం ఉంది, అది చెడ్డదని చూడగానే తెలిసిపోతుంది. రాళ్లూ బియ్యం కలిసినట్టుంటే ఏరుకుంటాం. ఇప్పుడా పాఠాన్ని ఏఐ భాషా నమూనాలకు ఇచ్చి 'దిద్దిస్తున్నారు'. అవి చదవలేని చోట ఊహించి, వ్యాకరణం తప్పని వాక్యం పెడతాయి. పేరు ఉంటుంది, అంకె ఉంటుంది, ఆనాటి శైలి కూడా ఉంటుంది. పేజీలో మాత్రం అక్కడ సిరా మరక.

థీసిస్ పరీక్షించేవారు అడగాల్సినవి కొన్నే: ఏ పత్రికల్లో వెతికారు, వాటిలో ఏ సంచికలు అందుబాటులో లేవు, ఏయే స్పెల్లింగులతో వెతికారు, ఆ వారం సంచికలను బొమ్మల్లో ఒక్కొక్క పేజీ తిప్పి చూశారా. నా మట్టుకు నేను, పేజీ బొమ్మ జతచేయని ఉల్లేఖనను వెనక్కి పంపేస్తున్నాను.